చేరనున్నాను

"ఇక్కడే ఎక్కడో ఉండాలి," అంటూ తమ్ముడు రెండో బీరువా కూడా కింద గుమ్మరించాడు.

పొద్దున్న పదకొండు కాకముందే ప్రెస్సు గదిలో కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. దగ్గుమందు లేబుళ్ళు, బడి పరీక్షల ప్రశ్నపత్రాలు, కొళాయిలు బాగుచేసేవాడి విజిటింగ్ కార్డులు, మూడేళ్ళనాటి కరపత్రాలు, అన్నీ నేల మీదే. వాటి మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో ఫైలూ విప్పుతూ, తమ్ముడు మొహం కూడా తెలియని ఒక గుమస్తాని చెడామడా తిడుతున్నాడు.

"చేరనని రాశానట. నేను. ఓడ ఇంజన్ల పని నేర్చుకోవాలని రెండేళ్ళు పరీక్షలు రాసి, ఇంటర్వ్యూకి రైల్లో నిలబడి వెళ్ళి, తీరా సీటు వచ్చాక చేరనని రాస్తానా? వాళ్ళకి కళ్ళున్నాయా అసలు?"

"తిట్టింది చాలు, వెతుకు," అంది అమ్మ. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలు కుడుతోంది ఆవిడ. "కాపీ దొరికితే వాళ్ళే నోరు మూసుకుంటారు. అక్క ప్రతి ఉత్తరానికీ కాపీ పెడుతుంది. పెట్టావు కదే?"

"పెట్టాను," అంది అక్క.

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని లేబుల్ దిద్దుతోంది. దిద్దడమంటే, 'రోజుకు మూడు చెంచాలు' అన్న వరుసని పదకొండోసారి చదువుతోంది. కళ్ళు చెంచాల మీద, చెవులు తమ్ముడి చేతుల మీద.

కాపీ ఎక్కడుందో ఆమెకు తెలుసు. నీలం ఫైల్లో, పైనుంచి నాలుగో కాయితం. అందులో ఏముందో అంతకన్నా బాగా తెలుసు. శిక్షణ కేంద్రం నుంచి నిన్న సాయంత్రం ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి, ఆ కాయితం తీసి ముక్కలు చేసి పారేద్దామని మూడుసార్లు ఆ ఫైలు దాకా వెళ్ళింది. మూడుసార్లూ వట్టి చేతులతో వెనక్కి వచ్చింది. మంచితనం కొద్దీ అనుకునేరు. భయం కొద్దీ.

ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ సీటు జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. ఆ సంగతి కూడా నిన్న ఫోన్లోనే చెప్పారు.

"దొరికింది," అన్నాడు తమ్ముడు.

*

ఆ ఇంట్లో ఉత్తరాల వ్యవహారం మొదటినుంచీ అక్కదే. తమ్ముడి చేతిరాత తమ్ముడికే అర్థం కాదు. బడి సెలవు చీటీ దగ్గర్నుంచి ఉద్యోగాల దరఖాస్తుల దాకా అన్నీ ఆమే రాసిపెట్టేది, అతను కింద సంతకం గిలికేవాడు. చదవడమన్న ప్రశ్నే లేదు. అక్క రాసిన కాయితాన్ని మళ్ళీ చదవడమంటే అతని దృష్టిలో కడిగిన గిన్నెని మళ్ళీ కడగడం.

అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు. నాన్న పోయాక ప్రెస్సుని నిలబెట్టింది వాళ్ళిద్దరే. మిషన్ తమ్ముడిది, అక్షరం అక్కది. ఆమె కంట్లో పడ్డ తప్పు బతికి బట్టకట్టదు. దుకాణాల బోర్డులు, బస్సు టికెట్లు, ఆసుపత్రి గోడ మీద 'నిశబ్దం', ఏది కనబడ్డా సరే, నిలదీసి దిద్దించి గానీ కదలదు. బజార్లో ఆమెకు 'దిద్దుళ్ళమ్మ' అని పేరు పడింది. ఆమె సందు మలుపు తిరగడం చూసి కూరగాయలాయన తన పలకని బోర్లా తిప్పేస్తాడు. అలాంటి మనిషి చేతిలోంచి వచ్చిన కాయితాన్ని ఎవడు అనుమానిస్తాడు?

తమ్ముడు కాయితాన్ని వెలుతురుకి ఎత్తి, గొంతు సవరించుకుని, గుమస్తా ఎదురుగా నిలబడ్డట్టు చదివాడు.

"'నేను వచ్చే నెల ఒకటో తారీఖున తమ కేంద్రంలో చేరనున్నాను.' విన్నావా అమ్మా? చేరనున్నాను. ఎంత స్పష్టంగా ఉందో చూడు. ఇప్పుడే ఫోటో తీసి పంపిస్తాను. మొహం ఎక్కడ పెట్టుకుంటారో నేనూ చూస్తాను."

ఆ కాయితం మీద ఆ మాట లేదు. తమ్ముడు కాయితాన్ని చదవలేదు, తన మనసులో ఉన్నదాన్ని చదివాడు. ప్రూఫులు దిద్దడం రానివాళ్ళందరూ చదివేది అలాగే.

"ఏదీ, ఇలా తే," అంది అమ్మ.

అమ్మ వేలకొద్దీ పుస్తకాలు కుట్టిందే గానీ ఒక్కటీ చదవలేదు. నాలుగో తరగతితో ఆగిపోయిన చదువు. చదవాల్సి వస్తే అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ పలకరించుకుంటూ వెళ్ళాల్సిందే.

"తమ... కేంద్రంలో... చే... ర... ను." వేలు ఆగింది. "చుక్క. ఆ తర్వాత ఏం లేదురా."

"సరిగ్గా చూడమ్మా."

"ఉన్నదే చూస్తున్నాను. చేరను. నువ్వు చదివిన మిగతా ముక్క ఇందులో లేదు."

తమ్ముడు కాయితాన్ని లాక్కున్నాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. ఆగి ఉన్న మిషన్ పక్కన అతను కూడా అలాగే ఆగిపోయాడు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"అక్కా," అన్నాడు చివరికి. "ఇదేంటక్కా?"

"ముక్క పడిపోయింది," అంది అక్క.

*

"పడిపోయిందా?" తమ్ముడి గొంతు లేచింది. "ఊరందరి తప్పులూ దిద్దుతావే. దగ్గుమందు లేబుల్ని పదకొండుసార్లు చదువుతావే. నా బతుకంతా ఉన్నది ఒక్క వరుసలో. ఆ ఒక్క వరుసలో ముక్క పడిపోయిందా?"

అక్క తెర మీద లేబుల్ మూసేసింది.

"నేనేం చెప్పాను? చేరతానని రాసెయ్యి అన్నాను. నువ్వేగా, ఆఫీసులకి అలా రాయకూడదు, చేరనున్నాను అని రాయాలి, అదే మర్యాద అన్నావు. నీ మర్యాద నా కొంప ముంచింది."

"వాడు చెప్పినట్టు రాస్తే నీ సొమ్మేం పోయేదే?" అంది అమ్మ.

ఏమీ పోయేది కాదు. అదీ సంగతి.

"ప్రపంచంలో పనంతా ఓడల్లోనే ఉందా?" అనేసింది అక్క ఉన్నట్టుండి. అనకూడని మాట, అనకూడని సమయం. కానీ మూడు నెలలుగా నాలుక చివర నిలబెట్టుకున్న మాట, జారిపోయింది. "ఇక్కడ నీకు మిషన్ లేదా?"

"ఉంది. పదకొండేళ్ళుగా దాని కడుపులో చెయ్యి పెట్టే బతుకుతున్నాను. నాకు మిషన్లంటే ఇష్టం అక్కా. కాయితమంటే కాదు. ఇల్లంత ఇంజన్ ఉంటుందట, మూడంతస్తుల ఎత్తు, మెట్లెక్కి చుట్టూ తిరగాలట. దాన్ని ఒక్కసారి చేత్తో తాకాలని ఉంది. నువ్వు ఒక ఒత్తు కోసం ఎంత కొట్టుకుంటావో, నేను దానికోసం అంత కొట్టుకుంటున్నాను. తప్పా?"

"నిఘంటువు వస్తోందిరా మనింటికి. నాలుగు సంపుటాలు. ఇలాంటి పని మళ్ళీ గడప తొక్కుతుందా?"

"అది నీకు వస్తోంది. నాకు కాదు."

నిజమే, ఆమెకే వస్తోంది. ఇరవై ఏళ్ళుగా అక్క దిద్దినవన్నీ వాడి పారేసేవే. లేబుల్ సీసాతో పోతుంది, ప్రశ్నపత్రం పరీక్షతో పోతుంది. ఆమె కళ్ళు పోగొట్టుకుని పట్టిన తప్పుల్ని ఎవరూ తలుచుకునే పనిలేదు. ఇన్నాళ్ళకి నిఘంటువు సంస్థ పెద్దాయన వచ్చి, మొదటి పేజీలో 'ప్రూఫులు' అని వేసి పక్కన మీ పేరు వేస్తామమ్మా అన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. అచ్చు పని రెండేళ్ళూ తమ్ముడి చేతిమీదుగానే జరగాలి. ఆ పాత మిషన్ మీద అంత శుభ్రంగా అచ్చు తీసేవాడు ఇంకొకడు ఆయనకి దొరకలేదు. ఆయన వెళ్ళిపోయాక అక్క ఆ పూట అన్నం కూడా తినలేదు, సంతోషంతో.

తమ్ముడు హఠాత్తుగా ఆగి ఆమె వైపు చూశాడు.

"ఓహో," అన్నాడు నెమ్మదిగా. "నేను వెళ్ళకపోతే నిఘంటువు ఉంటుంది. ముక్క అందుకే పడిపోయిందేమో."

"ఒరేయ్," అంది అమ్మ. సూది బల్ల మీద పెట్టేసింది. "నోటికి ఎంతొస్తే అంతేనా? నీ ముక్కు తుడిచి పెంచిన మనిషిరా అది. నీ ఫీజు కోసం తన చదువు మానుకున్న మనిషి."

తమ్ముడి మొహం మాడిపోయింది.

"కోపంలో అన్నాను. మనసులో పెట్టుకోకక్కా."

"లేదు," అంది అక్క. దేన్ని లేదంటోందో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు.

*

శిక్షణ కేంద్రానికి ఫోన్ చేస్తానని తమ్ముడు వీధి అరుగు మీదకి వెళ్ళాడు. అమ్మ వెనకే వెళ్ళింది.

మూల స్టూలు మీద కూర్చుని ఇంతసేపూ పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న పెద్దమనిషి చెయ్యి చాపాడు. నాన్నకి తమ్ముడు, అందరికీ కామా బాబాయి. ముప్ఫై ఏళ్ళు సీసపు అక్షరాలు ఏరి ఏరి పేర్చిన మనిషి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగిన అలవాటో ఏమో, ఆయన మాట కూడా ఆగి ఆగి వస్తుంది.

"ఆ కాయితం, ఇలా, ఇవ్వమ్మాయ్."

కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, కాయితాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ముక్క, దానంతట అది, పడిపోతే," అన్నాడు గొంతు తగ్గించి, "చివరి చుక్క కూడా, దాంతోనే, పోవాలి. ఇక్కడ, చుక్క ఉంది."

అక్క కాయితం కోసం చెయ్యి చాపింది.

"ఎవరో, పెట్టారు."

కాయితాన్ని ఆమె ముందు పెట్టి, ఆయన మళ్ళీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజు జరిగింది ఇది. ఉత్తరం కొట్టింది. అంతా సరిగ్గానే కొట్టింది. తీరా చూస్తే చివరి మాట వరుసలో పట్టక విరిగింది. పై వరుస చివర 'చేరను', కింది వరుసలో 'న్నాను' ఒంటరిగా. అలా ఒక ముక్క కిందకి జారి మిగిలితే ప్రెస్సువాళ్ళకి నామర్దా. వరుస సర్ది మళ్ళీ కొడదామని ఆ ముక్క చెరిపేసింది. చెరిపాక, పైన మిగిలినదాన్ని చూసింది.

చేరను.

సర్దడం మానేసి చూస్తూ కూర్చుంది. వాడు చేరడు. నిఘంటువు ఉంటుంది. వేలు దానంతట అదే వెళ్ళి చుక్క పెట్టింది. దానంతట అదేమిటి, ఆమె వేలే, ఆమె పెట్టిందే. ఒక్క నిమిషంలో దిద్దేస్తాను అనుకుంటూనే ప్రింటు తీసింది. సాయంత్రం దిద్దేస్తాను అనుకుంటూనే తమ్ముడి చేత సంతకం పెట్టించింది. కాయితం తపాలా డబ్బాలో పడ్డాక ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

*

తమ్ముడు ఫోన్ని చేత్తో పట్టుకునే లోపలికి వచ్చి, బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు. గుమస్తా అని వాళ్ళు తిట్టిన మనిషి ఒక ఆడమనిషి. అలసిపోయిన గొంతు. కఠినమైన గొంతు మాత్రం కాదు.

"చూడండి బాబూ, పొరపాటంటే కమిటీ ఒప్పుకోదు. మనసు మార్చుకున్న ప్రతివాళ్ళూ పొరపాటనే అంటారు. సంతకం మీది. చదువుకుని పెట్టాల్సింది."

"ఇంకే దారీ లేదా తల్లీ?" అంది అమ్మ ఫోన్ మీదకి వంగి.

అవతల కాయితాలు తిప్పిన చప్పుడు వినబడింది.

"ఒకటుందండీ. అభ్యర్థికి తెలియకుండా వేరేవాళ్ళు ఉత్తరం మార్చారనుకోండి, అది అభ్యర్థి వద్దన్నట్టు కాదు. కానీ మార్చినవాళ్ళే, మేము కావాలని మార్చామని రాసివ్వాలి. దాని కింద ఈయన, నాకు తెలియకుండా జరిగిందని సంతకం పెట్టాలి. ఒంటిగంటలోపు ఫోటో పంపితే కమిటీ ముందు పెడతాను. వస్తుందని మాట మాత్రం ఇవ్వలేను."

ఫోన్ ఆగింది. గోడ గడియారం పన్నెండు దాటి రెండు నిమిషాలు.

అమ్మ అక్క వైపు తిరిగింది. "రాసెయ్యవే."

"అమ్మా," అన్నాడు తమ్ముడు.

"నువ్వుండరా. పొరపాటున జరిగిందాన్ని కావాలని చేశానని రాస్తుంది. అబద్ధమే. ఆ అబద్ధంతో ఎవరికి నష్టం? వాడి సీటు వాడికొస్తుంది." అమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. "నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్క అబద్ధం ఆడిపెట్టు తల్లీ."

అక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కన్నతల్లి అబద్ధమాడమని బతిమాలుతోంది. ఆ అబద్ధం అక్షరాలా నిజం. ఇంతకన్నా సుళువైన దారి ఎవరికి దొరుకుతుంది? నిజమే రాస్తుంది. సీటు వస్తే వస్తుంది. పైగా, తమ్ముడి కోసం తన పేరు తానే చెడగొట్టుకున్న అక్క అని ఇంటిల్లిపాదీ నెత్తిన పెట్టుకుంటారు.

బాబాయి పేపరు కొంచెం దించాడు. మళ్ళీ ఎత్తాడు.

ఆమె తెల్లకాయితం తీసుకుని చేత్తోనే రాసింది. 'నా తమ్ముడు చేరతానని రాయమన్నాడు. అతనికి తెలియకుండా, నేను కావాలనే ఆ మాటను చేరను అని మార్చాను. ఇందులో అతని తప్పు లేదు.' ఒక్క కొట్టివేత లేకుండా, తడుముకోకుండా రాసింది. కింద సంతకం పెట్టి, కాయితాన్ని తమ్ముడి వైపు జరిపింది.

తమ్ముడు చదివాడు. ఈసారి ఒక్కో మాటా ఆగి చదివాడు.

"నేను పెట్టను," అన్నాడు.

"ఏంట్రా పెట్టవు?"

"ఇందాక కోపంలో ఈ మాట నోటితో అన్నందుకే నాలుక కోసుకోవాలనిపించింది. ఇప్పుడు దాన్నే కాయితం మీద పెట్టి, కింద నా సంతకం పెట్టమంటారా? మా అక్క కావాలని నా బతుకు చెడగొట్టిందని, నేను? నా చేత్తో?"

"ఉత్త కాయితమేరా."

"ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అనకూడదమ్మా."

"సీటు పోతుందిరా. వచ్చే ఏడుకి నీకు వయసు దాటిపోతుంది."

"పోనీ." గోడకి జారగిలబడి కాయితాల మధ్యే కూర్చున్నాడు. అరచేతులకి సిరా ఉందని మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "పోనీలే. అక్కా, నిఘంటువాయనకి ఫోన్ చెయ్యి, వేద్దాం. నీ పేరున్న పేజీ నేనే వేస్తాను. ఎంత నల్లగా వేస్తానో చూడు." నవ్వబోయాడు గానీ నవ్వు కుదరలేదు.

పన్నెండున్నర అయింది.

ఇక ఆమె చెయ్యాల్సిందేమీ లేదు. అరగంట నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నిఘంటువు ఉంటుంది, మిషన్ తిరుగుతుంది, మొదటి పేజీలో పేరు ఉంటుంది, తమ్ముడు ఇంట్లో ఉంటాడు. పైగా ప్రేమతో ఉంటాడు. ఆమె ఆ రోజు చుక్క పెట్టినప్పుడు కూడా ఇంత అడగలేదు.

అమ్మ సూది తీసుకుంది, కానీ కుట్టలేదు. తమ్ముడు ఒక్కో ఫైలూ సర్ది బీరువాలో పెట్టడం మొదలుపెట్టాడు. లేబుళ్ళు ఒకచోట, కార్డులు ఒకచోట. వాటి అడుగున శిక్షణ కేంద్రంవాళ్ళు పంపిన పుస్తకం బయటపడింది. అట్ట మీద ఇంజన్ బొమ్మ, దాని పక్కన చీమంత మనిషి. పేజీలు తిరగేసి తిరగేసి అంచులు నలిగిపోయి ఉన్నాయి. తమ్ముడు దాన్ని ఒక్క క్షణం పట్టుకుని, చిత్తుకాయితాల కుప్పలో పెట్టాడు. విసిరెయ్యలేదు. మెల్లగా పెట్టాడు.

పన్నెండూ ముప్పావు.

"అది అబద్ధం కాదురా," అంది అక్క.

"ఏది?"

"నేను రాసింది. ముక్క పడిపోలేదు. చూశాను. చూసే వదిలేశాను. చుక్క కూడా నేనే పెట్టాను."

తమ్ముడు నవ్వేశాడు. "సంతకం పెట్టించడానికి ఇంత నాటకమా? అమ్మా, చూడు నీ కూతుర్ని."

అమ్మ నవ్వలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని కూతురి మొహమే చూస్తోంది.

"బాబాయ్, విన్నావా ఏమంటోందో?"

బాబాయి పేపరు మడిచాడు. మడిచినదాన్ని ఇంకోసారి మడిచాడు.

"టైమవుతోంది," అన్నాడు తల ఎత్తకుండా. "పెట్టెయ్యరా సంతకం."

తమ్ముడు ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి, అక్క మొహం దాకా రాకుండానే ఆగిపోయాడు. లేచాడు. ప్యాంటుకి అంటిన కాయితం ముక్కలు దులుపుకున్నాడు. బల్ల దగ్గరికి వచ్చాడు.

అక్క తన కలం అందించింది. అతను అందుకోలేదు. జేబులోంచి తన కలం తీసి, మూత తీసి, కాయితం మీదకి వంగాడు.

"ఎక్కడ పెట్టాలో చూపించండి," అన్నాడు.

"అదేం మాటరా?" అంది అమ్మ. "అక్కని పట్టుకుని 'అండి' ఏంటి?"

తమ్ముడు కాయితం మీంచి కళ్ళు ఎత్తలేదు.

"ఇక్కడేనాండీ?"

అక్క వేలు పెట్టి చోటు చూపించింది.